గీతల మీద నూనె

“సున్నిపిండితో రుద్దావా అమ్మా? సున్నిపిండితోనా?”

శాంభవి చెప్పులు కూడా విప్పకుండా హాల్లోకి వచ్చేసింది. ఆ ఇంట్లో చెప్పులతో గడప దాటడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చెయ్యని పని. వెనకే ఆమె భర్త వేదవ్యాస్ కారు తాళాలు, నీళ్ళ సీసా, ఆసుపత్రి ఏసీకి పడదని మామగారి కోసం తీసుకెళ్ళిన శాలువా పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక ఎప్పుడు లోపలికి వెళ్ళాలో, ఎప్పుడు గుమ్మంలో నిలబడాలో అతనికి బాగానే తెలుసు.

శాంభవి తండ్రి మల్లికార్జునరావు ఎవరి వంకా చూడకుండా హాలు దాటి తన గదిలోకి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

“మాట్లాడవేం అమ్మా?”

“రుద్దాను,” అంది బాలసరస్వతి. “తిథుల ప్రకారం నిన్న ఆయన పుట్టినరోజు. తలంటు పోశాను.”

“తలంటు తలకి పొయ్యాలి. నడుముకీ పొట్టకీ ఎందుకు రుద్దావు?”

“తలంటు పోస్తే తలకొక్కదానికే పోస్తారుటే?”

“అమ్మా!”

వారం కిందట ఆసుపత్రిలో స్కాను తీసి, మల్లికార్జునరావు తుంటి మీదా పొత్తికడుపు మీదా నీలం మార్కరుతో గీతలు గీశారు. ఆ గీతలను బట్టే ఆయన్ని యంత్రం కింద సరిగ్గా పడుకోబెట్టి రేడియేషన్ ఇస్తారు. అయ్యేదాకా వాటి మీద నూనె వద్దు, సబ్బు వద్దు, రుద్దొద్దు అని ఒకటికి పదిసార్లు చెప్పి పంపారు. ఈ ఉదయమే మొదటి పూట. బల్ల మీద పడుకోబెట్టాక టెక్నీషియన్ యేసుకుమార్ చొక్కా పైకెత్తి చూశాడు. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశాడు. “సార్, గీతలేవండీ?” అని అడిగాడు. గీతలు లేవు. ఒళ్ళు మాత్రం నున్నగా, శుభ్రంగా మెరిసిపోతోంది.

“రేపు మళ్ళీ స్కానట,” అంది శాంభవి. “మళ్ళీ గీతలు, మళ్ళీ లెక్కలు మొదట్నుంచీ. ఆ లెక్కలయ్యేదాకా లోపల గడ్డ మనకోసం ఆగుతుందా? ఒకసారి రేడియేషన్ పెట్టిన చోటే రెండోసారి పెట్టడమంటే మాటలు కాదమ్మా. ఎంతమంది కుదరదన్నారు! ఈ డాక్టరమ్మ ఒక్కతే చేస్తానంది. మనమేం చేశాం? తలంటు పోశాం!”

“పోనీలే శాంభవీ,” అన్నాడు వేదవ్యాస్ గుమ్మంలోంచి. “అత్తయ్యగారు కావాలని చేశారా? మరిచిపోయుంటారు.”

“మీరూరుకోండి.”

అతను ఊరుకున్నాడు.

“మరిచిపోయాను,” అంది బాలసరస్వతి.

శాంభవి తల్లి ముఖంలోకి చూసింది. “చల్లపల్లి స్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఎక్కాలు చెప్పావు. ఏ పిల్లాడు ఏ ఎక్కం ఎగ్గొట్టేవాడో ఇప్పటికీ పేరు పెట్టి చెబుతావు. నాన్నగారికి ఒక్క మాత్ర ఒక్క పూట తప్పనివ్వవు. నువ్వు మరిచిపోయావా?”

“వయసు మీద పడటంలా?”

కంకిపాడు దగ్గర ఇంజనీరింగు కాలేజీలో శాంభవి పాఠాలు చెబుతుంది. అప్పటికే మొదటి క్లాసు పోయింది, రెండోది పోయేలా ఉంది. వాచీ చూసుకుంది. కళ్ళు తుడుచుకుంది.

“రేపు మేమే వచ్చి తీసుకెళ్తాం. డాక్టరమ్మ మీరిద్దరూ రావాలంది. అప్పటిదాకా దయచేసి ఆయన్ని ముట్టుకోకు.”

మూడేళ్ళుగా అదే పని చేస్తున్నానే తల్లీ అనబోయింది బాలసరస్వతి. అల్లుడు గుమ్మంలో ఉన్నాడు కనక అనలేదు. ఇద్దరికీ చెరో గ్లాసు మంచినీళ్ళిచ్చి పంపించింది.

*

మల్లికార్జునరావు నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. డెల్టా కాలువలూ వాటి పిల్ల కాలువలూ ఉద్యోగమంతా మ్యాపుల మీద గీసినవాడు. పెళ్ళైన కొత్తలో చల్లపల్లిలో ఉండేవాళ్ళు. ఆయన కొలతల కోసం కాలువ గట్లు తిరిగి మోకాళ్ళదాకా బురదతో వచ్చేవాడు. పెరట్లో రాతిపలక మీద కూర్చునేవాడు. బాలసరస్వతి చెంబుతో నీళ్ళు పోసేది, అవసరమైన దానికన్నా ఎక్కువే పోసేది. ఆ వీపు ఆమెకు కంఠతా వచ్చు. ఎడమ భుజం కింద పుట్టుమచ్చ, దాని కింద చిన్నప్పుడు తాటాకు గీరుకున్న మచ్చ.

మూడేళ్ళ కిందట పెద్దపేగు చివర క్యాన్సరన్నారు. రేడియేషన్ పెట్టారు, ఆపరేషను చేశారు. మలద్వారం కుట్టేసి పొట్టకు ఎడమ పక్కన సంచి తగిలించారు. ఇంటికొచ్చిన రోజే ఆయన పక్కబట్టలు చిన్న గదిలోకి మార్చుకున్నాడు. సంచి మార్చడం నేర్పిన నర్సు “అమ్మగారికీ చూపించమంటారా” అంటే, “మా ఆవిడకక్కర్లేదు” అన్నాడు.

ఆ రోజు నుంచి గడియ.

మాటలకేం తక్కువ లేదు. కాఫీ బాగుందంటాడు. పేపర్లో వార్తలు పైకి చదివి వినిపిస్తాడు. కూరలో ఉప్పు సరిపోయిందంటాడు. చెయ్యి మాత్రం అందనివ్వడు. కాఫీ గ్లాసు కూడా ఆమె బల్ల మీద పెట్టాకే తీసుకుంటాడు. ఆమె హాల్లో దివాను మీద పడుకోవడం మొదలుపెట్టింది. గాలి బాగా వస్తుందని పిల్లలకు చెప్పింది. ఆ దివానుకూ ఆయన మంచానికీ మధ్య ఒక్క గోడే ఉంది. దానికోసమే అక్కడ పడుకుంటుంది.

నిన్న ఉదయం ఆ తలుపు తెరుచుకుంది.

“బాలా, ఇవాళ తలంటు పోయవూ?”

వంటింట్లో నువ్వుల నూనె కావలసినదానికి రెట్టింపు పోసి వెచ్చబెట్టింది. ఈ వయసులో ఇదేం సంబరమని తనను తానే తిట్టుకుంది. పీట వేసింది. ఆయన తువ్వాలుతో కూర్చున్నాడు. సంచి మీద ఇంకో చిన్న తువ్వాలు కప్పుకున్నాడు. నుదుట బొట్టు పెట్టి మాడుకు నూనె అద్దింది. చెవుల వెనక, మెడ మీద, భుజాల మీద. పుట్టుమచ్చ ఉన్న చోటే ఉంది. మనిషి సగమయ్యాడు. కాసేపటికి ఆయనే ఆ చిన్న తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. సంచి ఆమె చూసింది. చూసి నూనె మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

శాంభవితో చెప్పని సంగతి ఆ తర్వాతది. చెయ్యి నడుము దాకా వచ్చాక నీలం గీత కనిపించింది. చెయ్యి ఆగింది. నూనె ఆ గీతకు చిటికెన వేలంత దూరంలో ఉంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు, ముఖంలో నొప్పి లేదు. ఆమె మళ్ళీ రుద్దింది. నీళ్ళు పోస్తుంటే నీలం రంగు తూము వైపు పోవడం కూడా చూసింది.

*

మధ్యాహ్నం మజ్జిగ గ్లాసుతో తలుపు కొట్టింది. గడియ తీశాడు. మంచం మీద ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. తిన్నగా కూర్చోలేకపోవడం మొదలయ్యాకే జబ్బు తిరగబెట్టిందని బయటపడింది.

“మజ్జిగ.”

“అక్కడ పెట్టు.”

ఆమె పెట్టలేదు. గ్లాసు పట్టుకునే నిలబడింది. ఆయన కాసేపు చూసి చెయ్యి చాపి అందుకున్నాడు.

“అమ్మాయి మరీ అరిచింది,” అన్నాడు.

“అరవదా మరి?”

“నేనడిగితేనే పోశావని చెప్పకపోయావా?”

“చెబితే మిమ్మల్ని అరిచేది. జబ్బు మనిషిని అరిచానని మళ్ళీ తనే కూర్చుని ఏడ్చేది. నన్నైతే అరిచి తేలిగ్గా పోయింది.”

ఆయన నవ్వబోయి ఆగాడు.

“రేపు పొద్దున్నే వస్తారట పిల్లలు,” అంది.

“నేను రాను బాలా.”

“స్కానేగా రేపు.”

“స్కానుకీ రాను, కరెంటుకీ రాను. ఈ మాట ఇవాళ అనుకున్నది కాదు. గీతలు గీసి ఇంటికి పంపిన రోజే అనుకున్నాను.”

రేడియేషన్ను ఆ ఇంట్లో కరెంటు పెట్టడమనే అంటారు. శాంభవి ఎన్నిసార్లు సరిదిద్దినా ఆ మాట పోలేదు.

“గీతలు గీసిన రోజే అంటే… పుట్టినరోజుకు ముందే.”

“ముందే.”

బాలసరస్వతికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కూర్చోవాలనిపించింది. ఆ గదిలో తను ఎక్కడ కూర్చోవచ్చో ఆమెకు తెలియలేదు.

“అయితే అవి పోవాలనే నన్ను పిలిచారు.”

ఆయన మజ్జిగ గ్లాసులోకి చూస్తున్నాడు.

“తడిగుడ్డ పెట్టి తుడుచుకుంటే పోయేవిగా? మీ సబ్బుంది, మీ నీళ్ళున్నాయి, మీ గడియుంది. మధ్యలో నా చేతులెందుకు?”

“బాలా…”

“నిన్న నూనె కాస్తూ ఏడ్చాను, తెలుసా మీకు? సంతోషంతో ఏడ్చాను. ఇన్నాళ్ళకు పిలిచారు, నన్నే పిలిచారు అనుకుని. మీరు పిలిచింది గీతలు చెరపడానికా?”

బందరు రోడ్డు మీద ఏదో బస్సు ఆపకుండా హారన్ కొట్టుకుంటూ పోయింది.

“ముందు అందుకే అనుకున్నాను,” అన్నాడాయన. “నేను చెరిపితే మొండితనమంటారు. నువ్వు చెరిపితే పొరపాటంటారు. నాలుగు రోజులు గడుస్తాయి, ఆ తర్వాత నెమ్మదిగా వద్దనొచ్చు అనుకున్నాను. కాని అదొక్కటే అయితే రెండు చెంబులు పోయించుకుని లేచేవాణ్ణి. ఆ పీట మీద అంతసేపు కూర్చునేవాణ్ణా?”

ఆమె గోడకానుకుని నిలబడింది.

“కిందటిసారి ఒళ్ళెలా అయిందో నీకు చూపించలేదు. చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. పంచె అంటుకుపోతే నీళ్ళలో నానబెట్టి తీసుకునేవాణ్ణి. ఈసారి పుండు పడితే మానుతుందో లేదో వాళ్ళే చెప్పలేమంటున్నారు. ఆ ఒళ్ళు అలా అవకముందు, ఇంకా మామూలుగా ఉండగా, ఒక్కసారి నీ చెయ్యి…”

మాట అక్కడ ఆగింది. మిగిలిన మజ్జిగ తాగేశాడు.

“గీతలు నాకు కనిపించాయి,” అంది బాలసరస్వతి.

“ఏమిటి?”

“మరిచిపోయానని అమ్మాయితో అబద్ధమాడాను. కనిపిస్తూనే ఉన్నాయి. చూస్తూనే రుద్దాను.”

ఆయన తల ఎత్తాడు. “ఆపొచ్చుగా! వైద్యం చేయించుకో, చేయించుకో అని ఇన్నాళ్ళూ నా ప్రాణం తోడేసింది నువ్వేగా!”

“ఆపితే మీరు తువ్వాలు చుట్టుకుని లేచి వచ్చేస్తారు. ఈ గడియ పెట్టుకుంటారు. మళ్ళీ ఎప్పుడు తీస్తారు? నాకా నమ్మకం లేదు.”

కోపంతో మొదలైన మాట కోపంగా పూర్తికాలేదు. ఆమె పైట కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ సంగతి ఏనాడూ అడగని ఆయన అప్పుడడిగాడు, చాలా చిన్నగా.

“వాసన రాలేదూ?”

“వచ్చింది. అయితే ఏం? మీ అమ్మగారు మంచంలో ఉన్న రోజుల్లో అన్నీ చేసింది నేనే. ఏనాడన్నా ముక్కు మూసుకున్నానా? ఆవిడకి చేసిన దాన్ని మీకు చెయ్యలేననుకున్నారా?”

“అమ్మకి చెయ్యడం వేరు. నువ్వు నన్ను…” ఆయన వెతుక్కున్నాడు. “నువ్వు నన్ను అలా చూడటం నాకిష్టం లేకపోయింది. ఆ కాలువ గట్టు మీద నుంచి వచ్చినవాడే గుర్తుండాలనుకున్నాను నీకు.”

“వాడు గుర్తున్నాడు కనకే గోడవతల పడుకుంటున్నాను.”

ఆ మాట తను అన్నదేనా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఖాళీ గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకుంది.

“రేపు రండి. వద్దన్న మాట ఆ డాక్టరమ్మ ముందు మీ నోటితోనే చెప్పండి. నా సున్నిపిండి వెనక దాక్కోకండి.”

బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. గడియ చప్పుడు కోసం వంటింటి గుమ్మంలో ఆగింది. ఆ పూట చప్పుడు రాలేదు.

*

మర్నాడు ఆసుపత్రిలో యేసుకుమార్ పెద్ద నీళ్ళ సీసా తెచ్చి వేదవ్యాస్ చేతికిచ్చాడు.

“సార్ చేత ఇదంతా తాగించండి. మూత్రసంచి నిండి ఉంటే పేగులు పక్కకు తప్పుకుంటాయండి, స్కాను బాగా వస్తుంది. నిండాక చెప్పండి, వెంటనే తీసుకెళ్తాను.”

చేతికో పని దొరికింది కనక వేదవ్యాస్ శ్రద్ధగా తాగించాడు. మల్లికార్జునరావు వద్దనకుండా గ్లాసు తరవాత గ్లాసు తాగాడు. వద్దనబోయే మనిషి నీళ్ళెందుకు తాగుతున్నాడో బాలసరస్వతికి అంతుబట్టలేదు. వద్దనే మాట అల్లుడికి చెప్పడానికి మొహమాటపడుతున్నాడేమో అనుకుంది. అది కాదేమో అని కూడా ఆశ పడింది.

డాక్టర్ ఛాయాదేవి నలుగురినీ లోపలికి పిలిచింది. బాలసరస్వతి మందలింపు కోసం సిద్ధపడి కూర్చుంది. ఆవిడ మందలించలేదు.

“గీతలు పోవడం మాకు కొత్త కాదండీ. మళ్ళీ గీస్తాం. అసలు సంగతి ఇంకోసారి మాట్లాడుకుందామని పిలిచాను. మొదటిసారి తీసుకున్న డోసును ఆ చోటు ఇంకా మరిచిపోలేదు. అందుకే ఈసారి చిన్న చిన్న మోతాదుల్లో, పొద్దునా సాయంత్రం పెడతాం. గడ్డ తగ్గితే సర్జన్‌గారు మళ్ళీ చూస్తారు. అంతగా తగ్గకపోయినా ఈ నొప్పి తగ్గే అవకాశం ఉంది. ఇబ్బందులూ ఉంటాయి, పుండ్లు పడొచ్చు, అవి ఆలస్యంగా మానొచ్చు. ఇవన్నీ తెలిసే మీరు సరేనన్నారు. కాని మావాళ్ళు నిన్న చెప్పారు, గీతలు లేవని తెలిశాక మీరు హమ్మయ్య అన్నారుట.”

శాంభవి తండ్రి వైపు గిరుక్కున తిరిగింది.

“మల్లికార్జునరావుగారూ, మీకిష్టమేనా? మీ అమ్మాయిగారికి కాదు, మీకు.”

ఆయన బల్ల అంచు చూస్తూ కూర్చున్నాడు. బాలసరస్వతి ఎదురుచూసింది. వద్దని చెప్పమని ఇంట్లో దబాయించి వచ్చింది కాని, ఆ మాట వినడానికి ఆమె దగ్గర ధైర్యం లేదు. ఆయన పెదవులు కదలడం చూసింది. మాట రాకపోవడం చూసింది. ఇంకో క్షణం ఆయన్నలా చూడలేక తనే మాట్లాడింది.

“ఆయనకు వద్దనిపిస్తే వద్దండి డాక్టరుగారూ. ఇంటికి తీసుకెళ్తాను.”

“అమ్మా!” శాంభవి లేచి నిలబడింది. “నీకేమన్నా మతి పోయిందా? నాన్నగార్ని బతికించుకోవాలని లేదా నీకు?”

“నాకున్నంత నీకుందా?”

బాలసరస్వతి కూతురినీ అల్లుడినీ చూడకుండా డాక్టరుతోనే చెప్పింది. చూస్తే చెప్పలేనని తెలుసు.

“కిందటిసారి బతికించుకున్నామండి. మూడేళ్ళు బతికించుకుని, తలుపవతల కూర్చున్నాను. ఈయన లోపల, నేను బయట. కరెంటు పెట్టించినా మానిపించినా, ఆ తలుపు తీసి ఉండాలండి నాకు. పుండు పడితే నేను కడుగుతాను. కట్టు నేను కడతాను. అది ఒప్పుకుంటే ఏది చేయించుకున్నా సరే. ఒప్పుకోకపోతే ఇంకో మూడేళ్ళు అలా కూర్చోవడం నావల్ల కాదు.”

వేదవ్యాస్ తల వంచుకుని శాలువా మడతలు సరిచేయడంలో పడ్డాడు. శాంభవి కూర్చుంది. తల్లి దివాను మీద ఎందుకు పడుకుంటోందో ఆమెకు ఆ నిమిషంలో తెలిసింది. తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

తలుపు తోసుకుని యేసుకుమార్ తొంగి చూశాడు. “సార్, నిండిందాండీ? ఎక్కువసేపు ఆపుకోలేరు, వచ్చేస్తారా?”

మల్లికార్జునరావు కుర్చీ చేతి మీద బరువు మోపి, నొప్పికి పళ్ళు బిగించి లేచాడు. లేస్తూ లేస్తూ భార్య చెయ్యి పట్టుకున్నాడు. పిల్లల ముందు ఆయన ఏనాడూ ఆ పని చేసినవాడు కాదు. ఆసరా కోసమనుకుని ఆమె కూడా లేచింది. నిలదొక్కుకున్నాక కూడా ఆయన వదల్లేదు.

వరండాలోకి వచ్చారు. కుడివైపు స్కాను గది. ఎడమవైపు మెట్లు, మెట్ల కింద కారు. ఆయన కుడివైపు నడిచాడు. నడుస్తూ ఏదో అన్నాడు, బాలసరస్వతికి సరిగ్గా వినపడలేదు.

“ఏమన్నారు?”

“భయమేస్తోంది అన్నాను.”

“నాకూను.”

స్కాను గది తలుపు దగ్గర యేసుకుమార్ అడ్డం నిలబడ్డాడు. కుర్రాడికి మొహమాటంగానే ఉంది.

“అమ్మా, మీరిక్కడే ఆగాలండి. లోపలికి సారొక్కరే రావాలి.”

మల్లికార్జునరావు తెరిచి ఉన్న తలుపులోంచి ఆ బల్లను చూశాడు. మెట్ల వైపు చూశాడు. అరచేయి చెమట పట్టింది. ఆ చెమట ఎవరిదో బాలసరస్వతికి తెలియలేదు.

“వదులు బాలా,” అన్నాడు.

ఆమె వేళ్ళు ఎప్పుడో వదిలేసి ఉన్నాయి. పట్టుకున్నది ఆయనే.